గర్భిణులు, బాలింతలు, పెద్దవాళ్ల టీకాలు: పదే పదే అడిగే ప్రశ్నలు

ఏఎన్ఎంగా, అంటే ఊరి నర్సుగా తిరిగిన రోజుల్లో, ఆ తర్వాత ఆశ కార్యకర్తల శిక్షణల్లో కూర్చున్నప్పుడు ఈ ప్రశ్నలు నాకు ఎన్నిసార్లు ఎదురయ్యాయో లెక్క లేదు. హనుమకొండ అపార్ట్‌మెంట్లో అడిగేదీ, తాడ్వాయి గూడెంలో అడిగేదీ చాలావరకు ఒకటే. మాట తీరే వేరు. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి అలసిపోయి ఇక్కడ రాసిపెడుతున్నాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది, మీకు కావాల్సింది చూసుకొని వెళ్లిపోవచ్చు. ఒంట్లో ప్రత్యేకంగా ఏదైనా జబ్బు ఉంటే మాత్రం మీ డాక్టర్ మాటే ముందు.

## నెల తప్పక ముందు

పిల్లల కోసం చూస్తున్నాం. ముందే వేసుకోవాల్సిన టీకాలు ఉన్నాయా?

ముఖ్యంగా రుబెల్లా. గర్భం మొదటి నెలల్లో రుబెల్లా సోకితే బిడ్డకు చెవుడు, కంట్లో శుక్లాలు, గుండె లోపాలు రావచ్చు. ఆ టీకాలో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది కాబట్టి కడుపుతో ఉన్నప్పుడు వేయరు. ముందే వేసుకొని, ఒక నెల ఆగి ప్రయత్నించాలి. 2017 ఆగస్టులో మన తెలంగాణలో 9 నెలల నుంచి 15 ఏళ్ల లోపు పిల్లలకు ఎంఆర్ టీకా, అంటే తట్టు, రుబెల్లా రెండింటికీ కలిపిన టీకా వేశారు. అప్పుడు బడిలో ఎడమ చేతి బొటనవేలికి ఇంకు గుర్తు పెట్టించుకున్న అమ్మాయిలు ఇప్పుడు పెళ్లికూతుళ్లు అవుతున్నారు. వాళ్లకు ఒక డోసు పడినట్టే. అంతకంటే పెద్దవాళ్లయితే డాక్టర్‌ని అడగండి. హెపటైటిస్ బి పరీక్ష కూడా ఇప్పుడే చేయించుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

రుబెల్లా టీకా వేసుకున్న పది రోజులకు నెల తప్పిందని తెలిసింది. కడుపు తీయించుకోవాలా?

అక్కర్లేదు. తెలియక వేసుకున్నవాళ్లను ఎన్నో దేశాల్లో గమనించారు. టీకా వల్ల బిడ్డకు ఆ లోపాలు వచ్చినట్టు తేలలేదు. డాక్టర్‌కు తేదీ చెప్పి, మామూలుగా చెకప్‌లకు వెళ్లండి.

## నెల తప్పినాక

ఒకరు టీటీ అంటారు, ఒకరు టీడీ అంటారు. ఎన్ని వేయించుకోవాలి?

పాత టీటీలో ధనుర్వాతానికి మాత్రమే మందు ఉండేది. ఇప్పుడు వేసే టీడీలో గొంతువాపు, అంటే డిఫ్తీరియా మందు కూడా కలిపారు. ఊళ్లో పేరు మాత్రం ఇంకా "టీటీ సూది"యే. నెల తప్పిందని తెలిసి పేరు నమోదైనప్పుడు మొదటి డోసు, నాలుగు వారాలకు రెండోది. గత మూడేళ్లలోపు వచ్చిన గర్భంలో రెండు డోసులూ పూర్తయి ఉంటే ఈసారి ఒక్క బూస్టర్ చాలు. 36 వారాలు నిండకముందే పూర్తి కావడం మంచిది. ఆలస్యమైతే "ఇక లాభం లేదు" అని వదిలేయకండి. ఇంతవరకు ఒక్కటీ వేసుకోని ఆమెకు నొప్పులు మొదలయ్యాక కూడా వేస్తారు.

కాన్పు ఎట్లాగూ ఆస్పత్రిలోనే. ధనుర్వాతం సూది ఎందుకు?

న్యాయమైన ప్రశ్న. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే జరుగుతున్నాయి. కొడవలితో బొడ్డు కోసే రోజులు పోయాయి. కానీ ధనుర్వాతం క్రిమి మట్టిలో ఉంటుంది, మనుషుల నుంచి మనుషులకు అంటేది కాదు. చుట్టూ అందరూ టీకా వేసుకున్నా, వేసుకోనివాళ్లకు రక్షణ రాదు. బొడ్డు ఊడేదాకా అది పచ్చి పుండే. ఇంటికొచ్చాక దాని మీద పసుపు, బూడిద, నూనె పెట్టే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. తల్లికి వేసిన టీకా వల్ల తయారైన రక్షణ మాయ ద్వారా బిడ్డకు చేరుతుంది, ఆ మొదటి వారాలు కాపాడేది అదే. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని భారతదేశం నిర్మూలించిందని 2015లో ప్రకటించారు. అంటే ఏ జిల్లాలోనైనా బతికి పుట్టిన వెయ్యి మంది బిడ్డల్లో ఒకటి కంటే తక్కువ కేసులని అర్థం. మట్టిలో క్రిమి చచ్చిపోయిందని కాదు.

మూడో నెల నిండక ముందు సూది వేసుకుంటే కడుపు పోతుందంటారు. నిజమా?

టీడీ వల్ల పోదు. ఈ మాట ఎందుకు పుట్టిందో అర్థం చేసుకోవచ్చు. నెల తప్పిందని తెలిసిన గర్భాల్లో 10 నుంచి 20 శాతం దాకా ఎట్లాగూ నిలవవు, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే పోతాయి. పిండంలోనే లోపం ఉండటం అందుకు ప్రధాన కారణం. సరిగ్గా అదే సమయంలో సూది పడితే నింద సూది మీద పడుతుంది. ఒక వాడలో ఒక్కరికి అట్లా జరిగితే చాలు, ఆ ఏడంతా ఆ వాడ నుంచి ఎవరూ మూడో నెలలోపు రారు. అట్లా భయపడేవాళ్లతో నేను వాదించేదాన్ని కాదు. నాలుగో నెలలో మొదటిది, అయిదో నెలలో రెండోది అన్నా సమయం సరిపోతుంది. అసలు రాకపోవడం కంటే ఆలస్యంగా రావడం నయం.

ఇప్పటికే నాలుగైదు సూదులు వేశారు. టీకా పడినట్టేనా?

సూదులన్నీ టీకాలు కావు. రక్తం తక్కువుంటే సెలైన్‌లో ఐరన్ ఎక్కిస్తారు. నెలలు నిండకుండానే కాన్పు అయ్యేలా ఉంటే బిడ్డ ఊపిరితిత్తులకు స్టెరాయిడ్ సూది ఇస్తారు. తల్లిది నెగెటివ్ బ్లడ్ గ్రూపు అయితే యాంటీ డి ఇస్తారు. వీటిలో ఏదీ టీడీ కాదు. తల్లీబిడ్డల కార్డులో టీడీ గడి విడిగా ఉంటుంది, అందులో తేదీ ఉందా చూసుకోండి. ప్రైవేటులో వేయించుకుంటే ఆ చీటీ తెచ్చి ఏఎన్ఎంతో కార్డులో రాయించుకోండి.

ప్రైవేటు డాక్టరమ్మ ఫ్లూ టీకా, టీడాప్ రాసింది. సబ్ సెంటర్లో అవి లేవు. అవసరమా, వ్యాపారమా?

అవసరమే, కానీ ప్రభుత్వ ఉచిత జాబితాలో లేవు. అందుకే ఈ అనుమానం వస్తుంది. ఊపిరితిత్తులకు చోటు తగ్గి, రోగనిరోధక శక్తిలో మార్పులొచ్చే గర్భంలో ఫ్లూ ముదిరి నిమోనియా అయ్యే ముప్పు ఎక్కువ. 2015 మొదట్లో తెలంగాణలో స్వైన్ ఫ్లూ ఎట్లా తిరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గర్భిణులకు వేసేది చచ్చిన వైరస్‌తో చేసిన ఫ్లూ సూది, ఏ నెలలోనైనా వేసుకోవచ్చు. టీడాప్‌లో టీడీకి తోడు కోరింత దగ్గు మందు ఉంటుంది. 27 నుంచి 36 వారాల మధ్య వేస్తే, బిడ్డకు నెలన్నర టీకా పడేదాకా తల్లి ఇచ్చిన రక్షణ పనిచేస్తుంది. టీడీ రెండో డోసు బదులు దీన్నే వేసే డాక్టర్లున్నారు. మీకూ అట్లాగే వేస్తున్నారా అని అడిగి తెలుసుకోండి.

డబ్బు గురించి ఒక మాట. అవి కొనలేకపోతే బాధపడి, ఉచితంగా దొరికే టీడీ కూడా మానేసినవాళ్లను చూశాను. "సగం వేసుకొని ఏం లాభం" అనుకుంటారు. ఒకటి లేదని రెండోదాని పని ఆగదు.

కరోనా టీకాను గర్భిణులకు ముందు వద్దన్నారు, తర్వాత వేసుకోమన్నారు. ఏది నమ్మాలి?

2021 జనవరి 16న దేశంలో టీకాలు మొదలైనప్పుడు గర్భిణులను పక్కన పెట్టారు. తొలి పరీక్షల్లో వాళ్లను చేర్చకపోవడంతో చేతిలో సమాచారం లేదు. అదే ఏడు మే నెలలో బాలింతలకు, జులై 2న గర్భిణులకు అనుమతి వచ్చింది. ఈలోపు రెండో వేవ్ వచ్చి పోయింది. కరోనా సోకిన గర్భిణుల్లో జబ్బు ముదరడం, నెలలు నిండకుండా కాన్పు కావడం ఎక్కువని అప్పటికి తెలిసింది. సమాచారం పెరిగితే సలహా మారడం వైద్యంలో మామూలే. కానీ జనవరిలో "మీకు వద్దమ్మా" అని నా నోటితోనే చెప్పి, జులైలో అదే గుమ్మంలో నిలబడి "వేసుకో" అంటే ఆ అమ్మాయి నా ముఖం వైపు చూసిన చూపు మరిచిపోలేదు. ఎందుకు మారిందో చెప్పే కాగితం మా చేతికి చాలా ఆలస్యంగా వచ్చింది. మా దగ్గర గర్భిణులు వెనకాడటానికి వాట్సాప్ ఎంత కారణమో, ఆ ఆరు నెలలూ అంతే కారణం.

మూడో నెలలో కుక్క కరిచింది. కడుపుతో ఉన్నా రేబిస్ టీకా వేసుకోవచ్చా?

తప్పకుండా, ఈరోజే. రేబిస్ వస్తే బతకడం దాదాపు ఉండదు కాబట్టి గర్భం అడ్డే కాదు, పాలిచ్చే తల్లికీ అంతే. ముందు పుండును సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగండి. కారం, సున్నం పెట్టకండి. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు, 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చేలా కరిస్తే పుండు చుట్టూ ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. ఎక్కడ దొరుకుతుందో పీహెచ్‌సీలో చెబుతారు. మధ్యలో ఒక డోసు మానకండి.

రక్తం ఏడు గ్రాములే ఉంది, జలుబు కూడా ఉంది. టీకా ఆపాలా?

రెండూ టీకా ఆపడానికి కారణాలు కావు. జ్వరం ఎక్కువగా ఉంటే తగ్గేదాకా ఆగొచ్చు. ఏడు గ్రాముల రక్తం మాత్రం దానికదే డాక్టర్ చూడాల్సిన సంగతి, వెంటనే వెళ్లండి.

## ఇంట్లో, ఊళ్లో

అత్తమ్మ వద్దంటోంది. ఎట్లా ఒప్పించాలి?

ముందు ఎందుకు వద్దంటోందో వినండి. పరకాల వైపు ఒక ఊళ్లో ఒక అత్త నన్ను వాకిట్లోనే ఆపింది. నేను ధనుర్వాతం గురించి పాఠం మొదలుపెట్టాను. ఆమె చేట పక్కన పెట్టి, "సిస్టరమ్మా, సూది మంచిదే. మా ఆడబిడ్డ కోడలికి పోయినసారి రెండొద్దులు జ్వరమొచ్చింది. రేపు పత్తి రెండో ఏరుడు. ఇద్దరం పోకపోతే కిలో లెక్కన ఎవరిస్తరు?" అంది. ఆమెకు సూదంటే అపనమ్మకం లేదు, అభ్యంతరమంతా తేదీతోనే. ఏరుడు అయిపోయిన శనివారం ఆమే కోడల్ని వెంట తీసుకొచ్చింది, సూది వేస్తుంటే చెయ్యి కూడా పట్టుకుంది.

కోడలు ఒక్కతే వచ్చి ఇంటికెళ్లి చెప్పడం కంటే, మొదటి చెకప్‌కే అత్తనో భర్తనో వెంట తీసుకెళ్లడం మేలు. డాక్టర్ నోట వాళ్లు నేరుగా విన్న మాటకు ఇంట్లో విలువుంటుంది.

మా ఊరి ఆర్ఎంపీ అవసరం లేదన్నాడు. మాకు ఆయన మీదే నమ్మకం.

అర్ధరాత్రి తలుపు కొడితే లేచి వచ్చే మనిషి మీద నమ్మకం ఉండటంలో తప్పులేదు. కానీ టీకా వేయాలా వద్దా అన్నది ఆయన తేల్చాల్సింది కాదు. టీకా ఇన్ని డిగ్రీల చల్లదనంలోనే ఉండాలన్న లెక్క ఉంటుంది, ఆ ఏర్పాటు ఆయన సంచిలో ఉండదు. ఆశమ్మను ఆయన దగ్గరికి పంపి ఒకసారి మాట్లాడించండి. ఆయన్ని తిట్టిపోసిన ఊళ్లలో పని చెడింది, పక్కన కూర్చోబెట్టుకున్న ఊళ్లలో నడిచింది.

ఏజెన్సీలో మనమీద ప్రయోగాలు చేస్తారంట కదా?

ఈ భయం గాల్లోంచి రాలేదు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం సహా మూడు మండలాల్లో, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాతో ఒక ప్రాజెక్టు నడిపారు. హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు అందులో చాలామంది. ఆ కాలంలో కొందరు బాలికలు చనిపోయారు. 2010లో ప్రభుత్వం ప్రాజెక్టును ఆపేసింది. ఆ మరణాలకు టీకా కారణం అయ్యే అవకాశం లేదన్నట్టుగానే విచారణ కమిటీ చెప్పింది. కానీ తల్లిదండ్రులను అడగకుండా చాలాచోట్ల వార్డెన్ల సంతకాలతో సమ్మతి అయిందనిపించారని బయటపడింది. 2013లో పార్లమెంటరీ కమిటీ కూడా గట్టిగా తప్పుబట్టింది. టీకా మంచిదైనా అడగకుండా వేస్తే ఏమవుతుందో ఆ అడవి ఊళ్లు పదిహేనేళ్లుగా చెబుతూనే ఉన్నాయి.

గర్భిణులకు వేసే ధనుర్వాతం టీకా ప్రయోగం కాదు, దశాబ్దాలుగా దేశమంతా వేస్తున్నది. అయినా అడిగే హక్కు మీది: దీని పేరేంటి, ఏ జబ్బుకు, గడువు ఎప్పటిదాకా, వేసుకున్నాక ఏమైతది. విసుక్కోకుండా చెప్పేదాకా చెయ్యి చాపకండి.

ఈ సూదులు పిల్లలు పుట్టకుండా వేస్తున్నారని మా దగ్గర అంటున్నారు.

పోలియో చుక్కల కాలం నుంచీ ఉన్న పుకారు ఇది. 1995 నుంచి పల్స్ పోలియో చుక్కలు తాగిన పిల్లలే ఇప్పుడు కడుపుతో మా దగ్గరికి వస్తున్నారు.

అమావాస్య, గ్రహణం రోజు టీకా పడితే?

మనసు ఒప్పకపోతే వచ్చే టీకా రోజుకు రండి, వారం ఆలస్యానికి ఏమీ కాదు. నెలలు వాయిదా పడకుండా చూసుకుంటే చాలు. మేడారం జాతరకు వెళ్లే గర్భిణులు మాత్రం వెళ్లేముందే టీకాలు, మందుల సంగతి చూసుకోండి. లక్షల జనంలో దగ్గు, జ్వరాలు అంటుకోవడం సులువు.

## టీకా రోజు

బుధవారం పోతే ఒక పూట కూలీ పోతుంది. ఇంకో దారి లేదా?

నా అనుభవంలో టీకాలు తప్పడానికి అన్నిటికంటే పెద్ద కారణం ఇదే. దీన్ని నిర్లక్ష్యం అనడం నాకు నచ్చదు. పత్తి ఏరేవాళ్లకు కిలో లెక్క, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టేవాళ్లకు వెయ్యి బీడీల లెక్క. పదింటికి వస్తానన్న సిస్టర్ పన్నెండింటికి వస్తే ఆ రోజు సంపాదన పోయినట్టే. మన దగ్గర మామూలుగా బుధ, శనివారాల్లో టీకాలు వేస్తారు. రాలేనివాళ్లు ముందురోజే ఆశమ్మకు చెబితే "ఏ టైంకు రమ్మంటవు" అని ఒక మాట ఖాయం చేసుకోవచ్చు. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు డాక్టర్ చెకప్ ఉంటుంది, ఒకే ప్రయాణంలో రెండు పనులూ అవుతాయి. అంగన్‌వాడీలో మధ్యాహ్నం భోజనానికి వెళ్లే గర్భిణులకు అక్కడే టీకా పెట్టించిన ఊళ్లలో హాజరు బాగుండేది, ఎట్లాగూ నడిచే దారే కదా.

పోతే "ఒక్కదానివే వచ్చినవ్, వచ్చే వారం రా" అన్నారు. అట్లా అనొచ్చా?

టీడీకి అనకూడదు. ఒక సీసాలో పది డోసులుంటాయి. తెరిచిన సీసాను సరైన చల్లదనంలో, శుభ్రంగా ఉంచితే నాలుగు వారాల దాకా వాడొచ్చు. కాబట్టి ఒక్కరికోసమైనా తెరవొచ్చు. బీసీజీ, ఎంఆర్ టీకాల సంగతి వేరు. పొడిలో నీళ్లు కలిపాక నాలుగు గంటల్లో పారేయాలి, అందుకే పిల్లలు పోగయ్యేదాకా చూసే అలవాటుంది. అయినా వచ్చిన బిడ్డను వెనక్కి పంపడం కంటే సీసా వృథా కావడమే నయం. ఒకసారి వెనక్కి వెళ్లిన తల్లి వచ్చే వారం వస్తుందన్న గ్యారంటీ లేదు.

మందు మంచిగుందో లేదో మాకెట్లా తెలుస్తుంది?

సీసా మీద చిన్న వృత్తం, దాని లోపల చతురస్రం ఉంటాయి. లోపలి చతురస్రం చుట్టూ ఉన్న వృత్తం కంటే తెల్లగా ఉంటే వాడొచ్చు. రెండూ ఒకే రంగుకొచ్చినా, లోపలిది ఇంకా ముదిరినా వేడి తగిలి పాడైందని లెక్క. టీకా డబ్బాలో నాలుగు ఐస్ ప్యాక్‌ల మధ్య సీసాలు పెడతారు. టీడీ గడ్డకట్టినా పనికిరాదు, అందుకే ఐస్ ప్యాక్‌లు కాస్త చెమట పట్టేదాకా బయట ఉంచి తర్వాత సర్దుతారు. చూపించమని అడిగితే ఏ సిస్టరూ ఏమీ అనుకోదు. నన్ను అడిగినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే.

ఆధార్ లేదు, కార్డు పోయింది. టీకా వేస్తారా?

వేయాలి. టీకాకు ఆధార్ షరతు కాదు. కార్డు పోతే కొత్తది రాయించుకోండి. ఇప్పుడు యూ-విన్ అనే ఆన్‌లైన్ నమోదు కూడా ఉంది, అందులో పేరు ఎక్కి ఉంటే వేరే ఊళ్లో అయినా పాత డోసులు కనిపిస్తాయి. ఏ ఆధారమూ లేకపోతే టీడీ మళ్లీ వేస్తారు. ఒక డోసు ఎక్కువైతే చెయ్యి కాస్త ఎక్కువ నొస్తుంది, అంతే.

## టీకా తర్వాత

చెయ్యి వాచింది, ఒళ్లు వెచ్చగా ఉంది. బిడ్డకేమైనా అవుతుందా?

సూది పడ్డచోట నొప్పి, వాపు, కొద్దిపాటి జ్వరం ఒకటి రెండు రోజులుండటం మామూలే. తడిగుడ్డ పెట్టండి. సూది పడ్డచోట రుద్దకండి. జ్వరానికి పారాసిటమాల్ బిళ్ల గర్భిణులు వేసుకోవచ్చు, ఎంత డోసో సిస్టర్‌ని అడగండి. మెడికల్ షాపులో ఇచ్చే వేరే నొప్పి బిళ్లలు సొంతంగా వేసుకోవద్దు.

ఎప్పుడు పరుగెత్తాలి?

వేసిన వెంటనే ముఖం ఉబ్బడం, ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే. చాలా అరుదు, కానీ అందుకే అరగంట కూర్చోమనేది. రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలిక తగ్గడం ఎప్పుడు కనిపించినా టీకాతో ముడిపెట్టి ఇంట్లో ఆగిపోకండి. 108కి ఫోన్ చేయండి.

## తల్లిగారింటికి, వలస

ఏడో నెలలో తల్లిగారింటికి వచ్చాను. ఇక్కడి ఆశమ్మకు నేను తెలియదు. ఏం చేయాలి?

మన పద్ధతిలో తొలి కాన్పు తల్లిగారింట్లోనే. టీకాలు తప్పిపోయేది సరిగ్గా ఈ ప్రయాణంలోనే. అత్తగారి ఊరి రిజిస్టర్లో "తల్లిగారింటికి వెళ్లింది" అని రాస్తారు. తల్లిగారి ఊళ్లో "మన ఊరి మనిషి కాదు" అనుకుంటారు. రెండు ఊళ్ల లెక్కలోనూ లేకుండా పోతారు. రెండో టీడీ, చివరి చెకప్‌లు, ఒక్కోసారి బిడ్డ నెలన్నర టీకా కూడా ఆ సందులోనే పడిపోతాయి.

చేయాల్సింది ఎక్కువేమీ లేదు. ఒడిబియ్యం మూటతోపాటు కార్డు కూడా సర్దుకోండి. చీరల మడతల్లో పెట్టి మరిచిపోకుండా ఫోన్లో ఫోటో తీసుకోండి. అత్తగారి ఊరి ఆశమ్మ నంబరు, తల్లిగారి ఊరి ఆశమ్మ నంబరు ఒకరికొకరికి ఇప్పించండి. వెళ్లిన వారంలోనే అక్కడి అంగన్‌వాడీ టీచర్‌కు కనిపించండి.

మిర్చి ఏరడానికి పోతున్నాం, మూడు నెలలు అక్కడే. టీకా ఎట్లా?

దేశంలో ఏ ప్రభుత్వ కేంద్రంలోనైనా మీ టీకా మీకు ఉచితంగా వేయాలి, స్థానికులు కారని తిప్పి పంపకూడదు. బయల్దేరేముందు ఒక డోసు వేయించుకొని, రెండోదాని తేదీ కార్డు మీద పెద్దగా రాయించుకోండి. పెద్దపల్లి ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి వచ్చేవాళ్లకూ, ములుగు, భూపాలపల్లి చేలకు ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. వాళ్లకు భాష రాదు, ఎవరిని అడగాలో తెలియదు. కాబట్టి బట్టీ మేస్త్రీ, చేను ఆసామి ఒక ఫోన్ చేస్తే సిస్టర్ అక్కడికే వస్తుంది.

## కాన్పు అయ్యాక

బాలింతకు టీకా వేస్తే పాలు పాడవుతాయా?

పాడుకావు. టీడీ, ఫ్లూ, కరోనా, రేబిస్ ఏదైనా పాలిచ్చే తల్లి వేసుకోవచ్చు. రుబెల్లా పడనివాళ్లకు వేయడానికి కూడా ఇదే అనువైన సమయం.

పుట్టిన రోజునే ఇంత చిన్న ఒంటికి అన్ని టీకాలా?

పుట్టగానే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్ బి. మూడోది 24 గంటల్లోపే పడాలి, ఎందుకంటే తల్లి రక్తంలో ఆ వైరస్ ఉంటే కాన్పు సమయంలోనే బిడ్డకు అంటుతుంది. పరీక్షలో తల్లికి పాజిటివ్ వస్తే దానితోపాటు ఇమ్యూనోగ్లోబ్యులిన్ కూడా వేస్తారు. డిశ్చార్జి అయ్యేముందు మూడూ పడ్డాయా అని కార్డు చూసుకోండి.

పురుడు అయ్యేదాకా బిడ్డను గడప దాటించకూడదంటారు.

21వ రోజు పురుడు, నెలన్నరకు తర్వాతి టీకాలు. రెండింటికీ గొడవే లేదు.

కిట్ డబ్బులు పడతాయని టీకాలు వేయించాం. డబ్బులు లేకపోతే మానేయొచ్చా?

2017లో మొదలైన కేసీఆర్ కిట్ పథకంలో మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 రూపాయలను విడతలుగా, చెకప్‌లకూ బిడ్డ టీకాలకూ ముడిపెట్టి ఇచ్చేలా పెట్టారు. చెకప్‌లకు జనం కదిలారు, నేను చూశాను. కానీ విడత ఆలస్యమైనప్పుడు "డబ్బులే పడలేదు, టీకా ఎందుకు" అన్నవాళ్లనూ చూశాను. డబ్బు దారి ఖర్చుకు, పోయిన కూలీకి ఆసరా. అది ఆగిందని బిడ్డ మూడున్నర నెలల టీకా, తొమ్మిదో నెల తట్టు టీకా ఆపితే నష్టం ప్రభుత్వానికి కాదు.

## మిగతావాళ్లకు

నాన్నకు అరవై ఎనిమిది, షుగర్ ఉంది. టీకాలు పిల్లలకే కదా?

పెద్దవాళ్లకు ఏటా ఫ్లూ టీకా, ఒకసారి నిమోనియా టీకా మంచివి. షుగర్, ఆస్తమా, గుండె జబ్బు ఉంటే మరీ. ఇవి కొనుక్కోవాల్సినవే. పెద్దవాళ్లు వేసుకోకపోవడానికి పెద్ద కారణం ఎవరూ చెప్పకపోవడం. షుగర్ బిళ్లలు రాసే డాక్టర్ టీకా మాట ఎత్తరు, వీళ్లు అడగరు.

డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు?

హెపటైటిస్ బి తప్పనిసరి. మామూలు వాళ్లకంటే డోసు రెట్టింపు ఉంటుంది. డయాలసిస్ మొదలుకాక ముందే వేయించగలిగితే బాగా పట్టుకుంటుంది.

మా పాపకు సికిల్ సెల్ అన్నారు. టీకాలు వేరేనా?

మామూలు టీకాలన్నీ వేయాలి, అదనంగా మరికొన్ని. వారసత్వంగా వచ్చే ఈ రక్తపు జబ్బులో ప్లీహం పనిచేయడం మానేస్తుంది, దాంతో న్యుమోకోకస్ లాంటి క్రిములు రక్తంలోకి చేరి గంటల్లో ప్రాణం మీదికి తెస్తాయి. నిమోనియా, మెదడు పొరల వాపు (మెనింజైటిస్) క్రిములకు, టైఫాయిడ్‌కు, ఫ్లూకు టీకాల గురించి డాక్టర్‌ని అడగండి. ఏజెన్సీ గూడేల్లో సికిల్ సెల్ పరీక్షలు జరుగుతున్నాయి, కార్డు ఇస్తున్నారు. ఆ కార్డును టీకా రోజు సిస్టర్‌కు చూపించండి.

హెచ్ఐవీ ఉన్న గర్భిణి టీడీ వేసుకోవచ్చా? నలుగురిలో అడగలేకపోతున్నా.

వేసుకోవచ్చు. బతికున్న వైరస్ టీకాల విషయంలోనే ముందు హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం డాక్టర్‌ని అడగాలి. నలుగురి ముందు ఎవరికీ చెప్పాల్సిన పని లేదు, టీడీ అందరికీ వేసేదే.

## ఆశలు, వాలంటీర్లు అడిగేవి

ఎంత చెప్పినా రారు. లోపం ఎక్కడ?

టీకాకు వెనకాడటానికి మూడు కారణాలని పుస్తకాల్లో ఉంటుంది: నమ్మకం లేకపోవడం, జబ్బంటే లెక్కలేకపోవడం, వీలు లేకపోవడం. మనం మొదటిదాని మీదే గొంతు చించుకుంటాం. మన జిల్లాల్లో నేను చూసినంతవరకు మూడోదే ఎక్కువ.

నాలుగోది ఒకటుంది, పుస్తకాల్లో అంతగా కనిపించదు: అవమానం. ఒకసారి వరసగా రెండు నెలలు రాని గర్భిణిని నేను అందరి ముందూ కసిరాను. "చదువుకున్నదానివి, నీకు కూడా చెప్పాలా?" అన్నాను. సూది వేసుకొని తలవంచుకొని వెళ్లింది. రెండో డోసుకు రాలేదు, ఆమె తోడికోడలు కూడా రాలేదు. అసలు సంగతి తర్వాత ఆశమ్మ చెప్పింది. భర్త తాగి ఫోన్ పగలగొట్టాడట, మేం పంపిన మెసేజ్ ఆమెకు చేరనే లేదు. ఆ ఇంటికి క్షమాపణ చెప్పడానికి వెళ్లినప్పుడు టీ ఇచ్చింది. టీకా మాట మాత్రం ఆ రోజు నేను ఎత్తలేదు.

గుత్తికోయ గూడేనికి మొదటిసారి పోతున్నాం. ఏం చూసుకోవాలి?

గుత్తికోయలు ఛత్తీస్‌గఢ్ నుంచి మన అడవుల్లోకి వలసొచ్చిన ఆదివాసులు. వాళ్ల భాష వచ్చిన మనిషిని, వీలైతే ఆడమనిషిని, వెంట తీసుకెళ్లండి. ముందు గూడెం పెద్దతో మాట్లాడండి. అటవీ శాఖవాళ్లు వచ్చారేమో అన్న బెదురు వాళ్లకు ఉంటుంది, కాబట్టి కాగితాల కట్ట బయటికి తీసే ముందు టీకా డబ్బా తెరిచి చూపించండి. ఆధార్ అడగడంతో మొదలుపెట్టకండి. వానాకాలంలో వాగులు పొంగుతాయి, అందుకని రెండో డోసు జూన్ లోపే పడేలా లెక్క వేసుకోండి. ఇప్పపువ్వు, తునికాకు రోజుల్లో తెల్లవారకముందే చేరాలి. ఏడు దాటితే గూడెంలో ముసలివాళ్లు, కోళ్లు తప్ప ఎవరూ ఉండరు.